పొట్టి సంతకం

మా ఆయన గుండూరావుగారికి తప్పులు దిద్దడం ఒక జబ్బు. పెళ్లిపత్రిక ఇంటికి వస్తే ఎవరి పెళ్లో చూడకముందే పెన్ను తీస్తారు. కె.జి.ఎఫ్. బంగారు గనిలో టైమాఫీసు గుమాస్తాగా ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశారు. ఏ షిఫ్టుకు ఎవరు కిందికి దిగారు, ఎవరు పైకి వచ్చారు, ఎవరికి ఎన్ని హాజరులు, అంతా ఆయన రిజిస్టరులోనే ఉండేది. ఎక్కడైనా అంకె తప్పు పడితే దాన్ని కొట్టేసి, పైన సరైన అంకె వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టేవారు. ఆ సంతకం పడ్డాక మేనేజరు కూడా నోరెత్తడానికి లేదు. గని మూతపడి పన్నెండేళ్లయినా ఆయన పెన్ను మాత్రం మూతపడలేదు. కరెంటు బిల్లు మీదా, పాల పుస్తకం మీదా, గోడకు వేలాడే క్యాలెండరు మీదా ఆయన పొట్టి సంతకాలు ఉంటాయి. నవ్వుకుని ఊరుకునేదాన్ని. అలా ఊరుకోవడమే నా తప్పు.

నేను లెక్కల టీచరును. ఆండర్సన్‌పేటలో ఒక ఎయిడెడ్ బడిలో ముప్పై రెండేళ్లు పనిచేశాను. ఆ ఏడు మే ముప్పై ఒకటిన నా ఉద్యోగం ఆఖరు. వేసవి సెలవుల తరువాత బడి తెరిచేది ముప్పైన. అంటే బడి తెరిచిన మరునాడే నేను దిగిపోవాలి. ఆ పొద్దున హాజరు పట్టీలో సంతకం పెట్టి, ఏడో తరగతికి ఒక పాఠం చెప్పి, మధ్యాహ్నం పిల్లలు చేసే సెండాఫ్‌కు కూర్చోవాలి. నాకున్న కోరిక అంతే. అదేమంత పెద్ద కోరికా అనిపించవచ్చు. నా బి.ఎడ్. పట్టా ఇచ్చిన రోజు మా ఆయనకు కామెర్లు. తాలూకా వాళ్లు మంచి టీచరని శాలువా కప్పుతామన్న రోజు ఆయన చెల్లెలికి నిశ్చితార్థం. పట్టా పోస్టులో వచ్చింది, శాలువా ఎవరో సంచిలో పెట్టి తెచ్చిచ్చారు. ఈసారి నా చేతికి వచ్చేదేదో నేనే వెళ్లి తీసుకోవాలనుకున్నాను.

అలాంటి సమయంలో నైరోబీ నుంచి శంకరనారాయణగారు ఫోన్ చేశారు. ఆయన మా ఆయనతో పాటు గనిలో సర్వే సెక్షనులో ఉండేవారు. ఇక్కడ గని మూసేశాక ఆఫ్రికాలో ఏదో గనికి పోయి, చివరికి నైరోబీలో స్థిరపడ్డారు. "రారా గుండూ, సింహాలను చూపిస్తాను, కాళ్లు ఆడేటప్పుడే రావాల" అన్నారట. మా ఆయన ఎగిరి గంతేశారు. నేను ఒక్కటే షరతు పెట్టాను. ముప్పైన మధ్యాహ్నానికి బెంగళూరులో ఉండాలి. ఇరవై రెండున బయలుదేరి ముప్పైన తిరిగి వచ్చేలా టికెట్లు తీసుకున్నాం.

టికెట్లు కొన్న ఏజెంటు ఎల్లో ఫీవర్ ఇంజెక్షను గురించి చెప్పాడు. ఆఫ్రికా పోవడానికి ఎలా ఉన్నా, తిరిగి మన దేశంలో అడుగు పెట్టడానికి అది తప్పదట. అక్కడి దోమ కుట్టి, ఆ జ్వరాన్ని మనం ఇక్కడికి మోసుకురాకూడదు కదా. సూది వేయించుకుంటే ఒక పసుపు కార్డు ఇస్తారు. సూది వేసిన పది రోజుల తరువాతే ఆ కార్డు చెల్లుతుంది. చెల్లే కార్డు లేకుండా దిగితే ఆరు రోజులు విడిగా పెట్టేస్తారు. ఏజెంటు ఇదంతా రెండుసార్లు చెప్పాడు. నేను ఇంటికి వచ్చి మా ఆయనకు మరో రెండుసార్లు చెప్పాను.

అప్పుడు మా పక్కింటికి అమ్మవారు వచ్చింది. రామాంజినప్ప కూతురికి ఒళ్లంతా పొక్కులు. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ, వెనక ఒకటే పెరడు. మా అత్తగారు గిరిజమ్మగారికి ఎనభై నాలుగేళ్లు. పక్కింట్లో అమ్మవారు ఉంటే మా ఇంట్లో ఉన్నట్టే ఆవిడకు. ఆ పిల్లకు అమ్మవారు దిగి మూడో నీళ్లు పోసేదాకా మా ఇంట్లో ఒగ్గరణ, అంటే పోపు, లేదు. పదిహేను రోజులు చారులో ఆవాలు చిటపటలాడలేదు. మా ఆయన గడ్డం గీసుకోకుండా మునిలా తయారయ్యారు.

"అమ్మ ఇంట్లో ఉండంగా ఒంట్లోకి సూది దిగేదేంది? ఆయమ్మకు కోపం వస్తే ఎవరు పట్టుకుంటారప్పా?" అన్నారు అత్తగారు.

"సరే అమ్మా, వేసుకోనులే" అన్నారు మా ఆయన. అరవై మూడేళ్ల మనిషి!

నేను మాత్రం ఊరుకోలేదు. మే నాలుగున మా బడిలో పనిచేసే జలజతో కలిసి పేపర్లు దిద్దడానికి బెంగళూరు వెళ్లాను. ఆ పని అయ్యాక, ముందే పేరు రాయించి పెట్టుకున్న ఆస్పత్రికి పోయి సూది వేయించుకుని, కార్డు తీసుకుని ఇంటికి వచ్చేశాను. రాత్రి మా ఆయనకు చూపించాను. ఆయన కార్డును అటూ ఇటూ తిప్పి చూశారు, వాళ్లమ్మతో మాత్రం అనలేదు. ఆ మంచితనం ఆయనలో ఉంది, కాదనను.

పక్కింటి పిల్లకు మూడో నీళ్లు పోసింది పదిహేడున. ఆ మర్నాడే వెళ్లమన్నాను. ఆ ఆస్పత్రిలో రోజూ వేయరు, ముందుగా పేరు రాయించుకోవాలి. చివరికి ఆయన వంతు వచ్చింది ఇరవై ఒకటిన, అంటే మేము విమానం ఎక్కే ముందు రోజు. ఆ సాయంత్రం ఆయన భుజం తడుముకుంటూ ఇంటికి వచ్చేసరికి నేను పెట్టెలు సర్దుతున్నాను.

"ఇరవై ఒకటికి పది కలిపితే ముప్పై ఒకటండీ. మనం దిగేది ముప్పైన" అన్నాను.

"నీకు బడి లెక్క తెలుసు గానీ హాజరు లెక్క తెలీదు" అన్నారు ఆయన. "సూది వేసిన దినం హాజరు కాదా? ఇరవై ఒకటి ఒకటి, ఇరవై రెండు రెండు..." అని వేళ్లు మడుస్తూ పోయి ముప్పై దగ్గర పదో వేలు మడిచి నా ముందు పెట్టారు. "మనిషి అరపూట కిందికి దిగినా ఆ దినం లెక్కలోకి వస్తుంది. ఇరవై ఎనిమిదేండ్లు ఇదే పని చేసినాను."

"కార్డులో ఏం రాసినారు?"

"అంతా సరి చేయించినాలేవే. నువ్వు పెట్టె సర్దు."

సరి చేయించారంటే ఆ నర్సు దగ్గరే చేయించారనుకున్నాను. కార్డు ఇటివ్వండి చూస్తానని అడగలేదు. ముప్పై రెండేళ్లు పిల్లల నోటుపుస్తకాలు గీత గీతా చూసినదాన్ని ఆ కార్డు విప్పి చూడకుండానే చేతిసంచిలో పెట్టాను. దీనికి మాత్రం నన్నే తిట్టుకోవాలి.

ఆఫ్రికా గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. అక్కడ వానలు. జీపు బురదలో రెండుసార్లు దిగబడింది. ఒక సింహం పొద కింద నిద్రపోతుంటే రెండు గంటలు చూశాం. అది ఒకసారి చెవి ఆడించింది. మా ఆయనా శంకరనారాయణగారూ సింహాన్ని వదిలేసి, ఫలానా షాఫ్టులో ఫలానా ఏడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని వాదించుకున్నారు. ఆ మాటేదో ఇంట్లో ఫోన్లో వాదించుకుంటే సరిపోయేది. నేను మాత్రం మనసులో ఏడో తరగతికి ఆఖరి పాఠం ఏం చెప్పాలా అని ఆలోచించుకుంటూ కూర్చున్నాను.

ముప్పైన మధ్యాహ్నం మూడింటికి బెంగళూరులో దిగాం. పాస్‌పోర్టులు చూసే చోటికి ముందే ఆరోగ్యశాఖ వాళ్ల బల్ల ఉంది. అక్కడ ఒక డాక్టరమ్మ, పక్కన ఒక అటెండరు. నా కార్డు చూసి ఇచ్చేసింది. మా ఆయన కార్డును కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. తరువాత వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఇది ఎవరు దిద్దినారు?"

"నేనే" అన్నారు మా ఆయన, మెప్పు కోసం నిలబడినట్టు. "నర్సమ్మ ముప్పై ఒకటని వేసేసింది. లెక్క తప్పు. మళ్లీ ఆమెను యాడ ఎదుక్కునేదని నేనే కొట్టేసి ముప్పై వేసి ఇనీషియల్ పెట్టినాను. చూడండి, కింద తేదీ గూడా వేసినాను."

బల్ల మీదికి వంగాను. కార్డు నేనూ చూశాను. ముప్పై ఒకటి మీద నీటుగా ఒక అడ్డగీత, పైన ముప్పై, పక్కన ఆయన పొట్టి సంతకం. ఎంత ముచ్చటగా ఉందో! ఆ క్షణంలో ఆ పెన్ను తీసుకుని ఏం చేయాలనిపించిందో రాయను.

డాక్టరమ్మ కార్డు అడుగున ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది. ఇందులో ఏ దిద్దుబాటు చేసినా కార్డు చెల్లకపోవచ్చని అచ్చు వేసి ఉంది. "దిద్దకుండా తెచ్చుంటే ఒక్క రాత్రి ఉంచుకొని రేపు మధ్యాహ్నం పంపించేసుందుము సార్. ఇప్పుడు ఈ కార్డే లేనట్టు. ఆరు దినాలు ఉండాల."

"పొట్టి సంతకం పెట్టినాను కదమ్మా!"

"సంతకం పెట్టేదానికి మీరెవరు సార్?"

ఈ ప్రశ్న ఆయనను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సాయం కోసం అటెండరు వైపు తిరిగారు. "ఆగల్ల సార్, రూలు రూలే" అని కన్నడమూ తెలుగూ కలిపి అతను తల అడ్డంగా ఊపాడు. మా ఆయన గొంతు తగ్గింది. కొంచెంసేపు బతిమాలారు. గనిలో తానెంత నమ్మకస్తుడో చెప్పారు. డాక్టరమ్మ ఓపికగా విని, ఒక ఫారం ముందుకు తోసింది.

అప్పుడు ఆయన నా వైపు చూపించి అన్నారు. "అట్లయితే ఈమెను గూడా పెట్టుకోండి. ఇద్దరమూ ఒకే జీపులో తిరిగినాము. ఒకే దోమలు కుట్టినాయి."

"మేడమ్ కార్డు సరిగ్గా ఉండాది. ఆపేదానికి నాకు రూలు లేదు."

"ఆమే ఉంటానంటే?"

"ఉంటానంటే ఉండొచ్చు, పక్కన ఇంగో గది ఉండాది. అది ఆమె ఇష్టం."

ముగ్గురూ నా వైపు చూశారు. "ఉండిపోండమ్మా, సార్ పెద్దాయన, ఒక్కరే ఎట్లుంటారు?" అన్నాడు అటెండరు. నాకు అరవై ఏళ్లు, పొద్దుటి నుంచి రెండు విమానాలు మారి వచ్చాను. నేను పెద్దదాన్నని అతనికి తోచలేదు.

"రేపు నా ఆఖరి రోజండీ" అన్నాను.

"తెలుసులేవే. ఏముంటుంది, ఒక దండ, ఒక శాలువా. జలజ ఇంటికి తెచ్చిస్తుంది. నాకు ఈడ కాఫీ పడదు. బీపీ మాత్ర ఏదో నాకేం తెలుసు?"

ఆయన చెడ్డగా అనలేదు. ఎప్పటిలాగే అన్నారు. జలజ తెచ్చిస్తుంది అన్న ఆ మాట దగ్గరే నాలో ఏదో తెగింది. పట్టా పోస్టులో, శాలువా సంచిలో, ఇప్పుడు నా ముప్పై రెండేళ్లు జలజ చేతిలో. ఉండిపోతే మంచి భార్యనని ఈ ముగ్గురూ అనుకుంటారు. రేపు ఈ వేళకు ఆ పక్క గదిలో కూర్చుని కాఫీ చల్లారిందని ఆయన చెప్పే మాటలు వింటూ ఉంటాను. ఎల్లుండికి నేను టీచరును కూడా కాను.

చేతిసంచి తెరిచాను. మాత్రల డబ్బా తీసి, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. తువ్వాలు, రెండు చొక్కాలు, పంచె, దువ్వెన తీసి బల్ల మీద పెట్టాను.

"పొద్దున తెల్లది, రాత్రికి గులాబీది. దీంట్లో రాసి పెట్టినాను. ఇంగ నేను పోతానండీ."

"పోతావా? నన్ను ఒక్కణ్ణే ఈడ విడిచిపెట్టి?"

"అవును."

నిజానికి ఇంకా చాలా అనాలనుకున్నాను. ఆ ఒక్క మాటే వచ్చింది. చేతిసంచి భుజాన వేసుకుని వచ్చేశాను. వెనక నుంచి "ఏమే, వత్సలా" అన్న పిలుపు రెండుసార్లు వినపడింది. పెళ్లయిన ముప్పై ఐదేళ్లలో ఆ పిలుపుకు తిరిగి చూడకపోవడం అదే మొదలు.

రెండు బస్సులు మారి కె.జి.ఎఫ్. చేరాను. హొసకోట దాకా ఏడ్చాను. పక్కన కూర్చున్నామె ఎవరైనా పోయారా అని అడిగింది. కాదు, ఇంటాయన బాగున్నారని చెప్పాను. నరసాపుర దాటేసరికి విపరీతంగా ఆకలి వేసింది. కోలారు బస్టాండులో రెండు ఇడ్లీలు తిని, సిగ్గు లేకుండా ఇంకో రెండు తెప్పించుకున్నాను.

ఇంట్లో అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. "వాడు యాడమ్మా?"

జరిగిందంతా చెప్పాను. నేను నాలుగో తేదీనే సూది వేయించుకున్న సంగతీ దాచలేదు. ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. నేను తిట్లకు సిద్ధమయ్యాను.

"నువ్వు వేసుకున్నావు, నీకేమీ కాలేదు" అన్నారు. "మరి వాడెందుకు వేసుకోలేదు? నేనేదో ముసలిదాన్ని అంటే వినేసేదేనా? బుద్ధి ఉండొద్దా అరవై మూడేండ్లకు? నీతో పాటే వాణ్ణీ పిల్చుకొనిపోయి వేయించేది కాదా నువ్వు?"

నేను పెట్టెతో సహా లోపలికి వచ్చేశాను. ఈ ఇంట్లో ఏ తప్పూ ఎవరి మీదా నిలవదు, చివరికి తిరిగి తిరిగి నా మీదికే వస్తుంది.

ముప్పై ఒకటిన తొమ్మిదిన్నరకే బడిలో ఉన్నాను. హాజరు పట్టీలో నా పేరు ఎదురుగా సంతకం పెట్టాను. ఏడో తరగతికి పాఠం చెబుదామంటే పిల్లలు చెప్పనివ్వలేదు. "లయన్‌ను చూసినారా మిస్?" "చూసినాను. నిద్రపోతుండింది." "మీరు లేపలేదా మిస్?" అరగంట సింహంతోనే గడిచిపోయింది. మిగిలిన పది నిమిషాల్లో ఒకే ఒక్క శాతం లెక్క చేయించాను. ముప్పై ఒక్కమందిలో ఇరవై తొమ్మిది మందికి సరిగ్గా వచ్చింది. ఆ ఇద్దరి పక్కన కూర్చుని మళ్లీ చేయించాను. అంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను.

మధ్యాహ్నం సభ. మా బడి కమిటీ పెద్ద శ్రీకంఠయ్యగారికి బజారులో బట్టల అంగడి. మైకు ముందుకు వచ్చి, "వత్సలమ్మగారు ఇన్నేండ్లు ఇంత బాగా పనిచేసినారంటే దానికి కారణం గుండూరావుగారు. ఆయన సహకారం లేకుంటే ఇదంతా అయ్యేదా?" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కోసం నా పక్కన ఒక కుర్చీ వేసి ఉంచారు. ఆయన రాలేదు కాబట్టి, తెచ్చిన దండ వృథా చేయడమెందుకని ఆ ఖాళీ కుర్చీ మీదుగా వేలాడదీశారు.

మనిషి లేని కుర్చీకి పూలదండ! ముందు వరసలో ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకామె కళ్లు కూడా తుడుచుకుంది. నేను లేచి మైకు అందుకున్నాను.

"ముందు ఆ దండ తీసేయండప్పా. ఆయన బాగుండాడు. బెంగళూరులో కూర్చోని కాఫీ బాగలేదని వాళ్లను తిడుతుంటాడు. కార్డులో తేదీ దిద్దినాడని ఆరు దినాలు పట్టి పెట్టుకున్నారు. నన్ను గూడా ఉండమన్నాడు. నేను ఆయనను ఆడ విడిచిపెట్టి ఈడికి వచ్చేసినాను."

సభ అంతా నవ్వింది. శ్రీకంఠయ్యగారు పొట్ట పట్టుకుని నవ్వారు. జలజ ఒక్కతే నవ్వలేదు. శాలువాను నా భుజాల మీద సర్ది, కొంచెంసేపు చెయ్యి అక్కడే ఉంచింది.

ఆరు రోజులూ మా ఆయన ఫోన్ చేశారు. మొదటి రోజు కాఫీ. రెండో రోజు దుప్పటి కురచ. మూడో రోజు పక్క గదిలో ఉన్న ఇద్దరు కుర్రవాళ్లకు జ్వరం చూసే చార్టులో తేదీ తప్పు పడిందనీ, తాను నోరు మూసుకుని ఉన్నాననీ చెప్పారు. నాలుగో రోజు నుంచి ఎక్కువ మాట్లాడలేదు. "బాగుండావా" అని అడిగి పెట్టేసేవారు. నాకేమో ఆ పొడి మాట ఇంకా చిరాకు. అరిస్తే తిరిగి అరవవచ్చు కదా.

జూన్ ఐదున సాయంత్రం ఆరింటికి తన పెట్టె తానే మోసుకుంటూ వచ్చారు. గడ్డం మళ్లీ పెరిగింది. వాళ్లమ్మ ఏవేవో అడుగుతుంటే ఊకొట్టి, వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్నారు. నేను కాఫీ ఇచ్చాను. ఇన్ని రోజులుగా కూర్చి పెట్టుకున్న తిట్లన్నీ నోటి దాకా వచ్చి ఉన్నాయి. ఆయన ఒక్క మాట అనాలే గానీ అంటించడమే.

ఆయన కాఫీ ఒక గుక్క తాగి, గ్లాసు చూస్తూ అడిగారు. "ఏమే, నీ బడిలో పిల్లోళ్లు ఎంతమంది?"

"ఎందుకు?"

"ఆ డాక్టరమ్మ అడిగింది. అంత అవసరంగా మేడమ్ ఎక్కడికి పోయింది అనింది. బడికి అన్నాను. ఏ క్లాసుకు చెప్తారు, ఎంతమంది పిల్లలు అని అడిగింది. నాకు తెలీలేదు. ఆరు దినాలు తలకాయ బద్దలు కొట్టుకున్నాను వత్సలా. షాఫ్టులో ఏ షిఫ్టుకు ఎంతమందో ఇప్పటికీ చెప్తాను. ఇది మాత్రం ఎంతకూ గుర్తుకు రాలేదు. నువ్వెప్పుడన్నా చెప్పినావా?"

ముప్పై రెండేళ్లు రోజూ సాయంత్రం ఇదే వేళకు బడి నుంచి వచ్చి ఇదే కుర్చీ దగ్గర కాఫీ పెట్టాను. ఎన్నిసార్లు చెప్పానో నాకు లెక్క లేదు. పట్టుకున్న కోపమంతా ఎటు పోయిందో, ఏడుపు ఒక్కటే మిగిలింది. అది కూడా ఆయన మీద కోపంగానే ఉంది.

"నూట నలభై మూడు" అన్నాను. "నాకు ఉద్యోగం ఉండంగానే అడిగుంటే, ఒక దినం పిల్చుకొనిపోయి చూపించుందును."